పేరు చెప్పని వాదికి సివిల్ కోర్టులో చోటు లేదా?

మెటియాబ్రుజ్ అన్న పేరు తెలుగు పాఠకులకు కొత్తగా వినిపించవచ్చు. అర్థం మాత్రం కొత్తది కాదు. మట్టి బురుజు అన్న మన మాటకూ ఆ పేరుకూ దూరం చాలా తక్కువ. కోల్‌కతా నగరానికి నైరుతి దిశన, హుగ్లీ నది గట్టున ఒకప్పుడు ఉండిన మట్టి బురుజు పేరే ఆ పేటకు స్థిరపడింది. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలుపుకొన్న పిదప పదవీచ్యుతుడైన నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికే చేరి, 1887లో కన్నుమూసే వరకు ఇక్కడే కాలం గడిపాడు. పేటను ఆనుకొని ఉన్న గార్డెన్ రీచ్ పేరు చెబితే ఉత్తరాంధ్రలోని రైల్వే కుటుంబాలకు వెంటనే గుర్తుకు వస్తుంది. పూర్వపు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, తరువాతి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. తూర్పు కోస్తా రైల్వే ఏర్పడి వాల్తేరు డివిజన్ దానిలో చేరిన 2003 వరకు, విశాఖపట్నం ఉద్యోగి బదిలీ కాగితం గార్డెన్ రీచ్ నుంచే రావలసి ఉండేది.

నేడు మెటియాబ్రుజ్ దర్జీల పేట. చిన్న పట్టణాల దుకాణాలలో వేలాడే పిల్లల గౌన్లు, చౌక చొక్కాలు అనేకం అక్కడ కుట్టినవే. జబ్బార్ హాట్ వంటి టోకు సంతలలో అవి చేతులు మారతాయి. ఓస్తాగర్ అని పిలిచే యజమాని గుడ్డ కొని, కత్తిరించి, కుట్టుపని ఇస్తాడు. కుట్టేవారికి ముక్కకు ఇంత అని కూలి. గుండీలు కుట్టడం, దారాలు కత్తిరించడం, పూసలు అద్దడం వంటి పనులు ఇండ్లలో స్త్రీలు చేస్తారు. లెక్కలు ఎక్కువ భాగం నోటి మాట మీదనే నడుస్తాయి. పనివానికీ పనిమనిషికీ ఉన్న ఏకైక పెట్టుబడి పేరు. ఫలానా ఆమె పని శుభ్రంగా చేస్తుంది, గొడవ పెట్టదు అన్న పేరు.

అటువంటి ఒక స్త్రీని ఊహించుకుందాం. ఇది కల్పిత ఉదాహరణ మాత్రమేనని ముందే చెప్పడం మంచిది. యజమాని ఆమెకు రావలసిన కూలి ఎగవేశాడు. అడగడానికి వెళ్ళిన రోజున అసభ్యంగా ప్రవర్తించాడు. అతనిని జైలుకు పంపాలని ఆమె కోరిక కాదు. తన డబ్బు తనకు రావాలి, జరిగిన అవమానానికి పరిహారం రావాలి. ఆమె అలీపూర్ కోర్టులోని న్యాయవాది వద్దకు వెళ్తుంది. ఆయన అడిగే మొదటి ప్రశ్న, ఏమి జరిగింది అని కాదు. పేరేమిటి, ఎవరి భార్యవు, ఇల్లెక్కడ? ఆయన తప్పు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఏడవ ఆర్డరు మొదటి నిబంధన ప్రకారం దావా పత్రంలో వాది పేరు, వివరాలు, నివాస స్థలం ఉండి తీరాలి. ఆరవ ఆర్డరులో 1976లో చేర్చిన నిబంధన ప్రకారం తప్పుడు చిరునామా ఇచ్చినట్లు తేలితే దావాయే నిలిచిపోవచ్చు. ఆ రెండు నిబంధనల మధ్య ఆమె పేరు కోర్టు కేసుల జాబితాకు ఎక్కుతుంది. జాబితా ఎక్కిన పేరు మెటియాబ్రుజ్ సందులు దాటడానికి ఒక పూట చాలు.

సివిల్ కోర్టులో వాది తన పేరు బయటపెట్టకుండా దావా వేయడానికి అనుమతించాలా అన్నది ఇటీవల తరచుగా తలెత్తుతున్న ప్రశ్న. ఇది న్యాయవాదుల సూక్ష్మ చర్చ అనుకొని పక్కన పెట్టదగింది కాదు. ఎవరు కోర్టుకు వెళ్ళగలరు, ఎవరు వెళ్ళలేరు అన్నది దీనిపై ఆధారపడి ఉంది.

ఈ వ్యాసకర్తకు ఈ విషయంలో స్వానుభవం కొంత ఉంది. వార్తా సంస్థల నుంచి ఆంగ్లంలో వచ్చే కోర్టు వార్తలను తెలుగు చేయడం వృత్తి. బాధితురాలి పేరు లేకుండా వచ్చిన వార్తను ఒకసారి తెలుగు చేసినప్పుడు, స్థానిక విలేకరి పంపిన అదనపు సమాచారాన్ని జోడించి, భర్త ఉద్యోగం, ఊరు, పిల్లలు చదివే తరగతి కూడా రాయడం జరిగింది. పేరు ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. మర్నాడు ఆ ఊరి నుంచి వచ్చిన ఫోను తరువాత గాని ఆ తప్పు డెస్కులో ఎవరికీ తట్టలేదు. పేరు దాచడమంటే పేరు దాచడం మాత్రమే కాదని అప్పుడు తెలిసింది. అన్నట్టు, ఈ విషయంలో తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. వాది అన్న మాటకు లింగం లేదు. తెలిపారు, కోరారు అన్న గౌరవ క్రియలకూ లేదు. ఆంగ్లంలో ఒక సర్వనామంతో బయటపడే గుట్టు తెలుగులో కాస్త జాగ్రత్త పడితే దాగుతుంది.

అసలు విషయానికి వస్తే, న్యాయం బహిరంగంగా జరగాలన్న సూత్రాన్ని ఎవరూ కాదనరు. దానికి ఆధారంగా చూపే తీర్పు 1913 నాటి బ్రిటిష్ ప్రభువుల సభ తీర్పు, స్కాట్ వర్సెస్ స్కాట్. ఒక వివాహ రద్దు కేసు తలుపులు మూసి విచారించారు. భార్య ఆ విచారణ ప్రతులను భర్త బంధువులకు పంపింది. అది కోర్టు ధిక్కారమని కింది కోర్టులు అన్నాయి. ప్రభువుల సభ కాదన్నది. కుటుంబ మర్యాద పేరిట న్యాయాన్ని చీకటి గదిలోకి నెట్టడం కుదరదన్నది. గొప్ప తీర్పే. కాని అదే తీర్పు కొన్ని మినహాయింపులను అంగీకరించింది. మైనర్ల కేసులు, మతిస్థిమితం లేనివారి కేసులు, ఇంకొకటి వ్యాపార రహస్యాలు. బహిరంగంగా విచారిస్తే దావా ఉద్దేశమే నాశనమయ్యేటప్పుడు తలుపు మూయవచ్చునన్నది దాని తర్కం. ఒక రసాయనం తయారీ పద్ధతి బహిరంగమైతే దావా గెలిచినా కంపెనీకి మిగిలేది లేదు, నిజమే. పేరు బహిరంగమైతే దావా గెలిచినా బతుకు మిగలని మనిషికి అదే తర్కం ఎందుకు వర్తించదో చెప్పవలసిన బాధ్యత కాదనేవారిది.

మన దేశంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు 1966లో వచ్చింది. బొంబాయి హైకోర్టులో బ్లిట్జ్ పత్రిక సంపాదకుడు ఆర్.కె. కరంజియాపై నడిచిన పరువు నష్టం దావాలో ఒక వ్యాపారి సాక్ష్యం ఇవ్వవలసి వచ్చింది. తన గత సాక్ష్యం పత్రికలలో రావడంతో వ్యాపారం దెబ్బతిన్నదని, ఈసారి అచ్చు కాకుండా చూడాలని ఆయన కోరారు. న్యాయమూర్తి తార్కుండే మౌఖికంగా ఆ మేరకు ఆదేశించారు. విలేకరి నరేశ్ శ్రీధర్ మిరాజ్కర్, మరికొందరు పాత్రికేయులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంలో అత్యధికులు ఆ ఆదేశాన్ని సమర్థించారు. జస్టిస్ హిదాయతుల్లా ఒక్కరే కాదన్నారు. పాత్రికేయ వృత్తిలో ఉన్నవారికి సహజంగా హిదాయతుల్లా మాటే రుచిస్తుంది. ఈ వ్యాసకర్తకూ అంతే. అయితే ఆ తీర్పులోని ఒక అంశం గమనార్హం. ఒక వ్యాపారి తన వ్యాపారానికి నష్టమని చెబితే, అది న్యాయ పరిపాలనకు సంబంధించిన కారణంగా పరిగణన పొందింది. ముక్క కూలి చేసుకునే స్త్రీకి పని పోవడం వ్యాపార నష్టం కాదా? ఆమె వ్యాపారం అదే గదా.

సివిల్ కోర్టులకు ఈ విషయంలో అధికారమే లేదనుకోవడం కూడా పొరపాటు. 1976 సవరణలతో వచ్చిన 153-బి సెక్షన్ సివిల్ విచారణ బహిరంగమని చెబుతూనే, అవసరమైతే ప్రజలను బయట ఉంచవచ్చునని న్యాయమూర్తికి వెసులుబాటు ఇచ్చింది. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద విచారణ రహస్యంగా జరగాలి, వివరాలు అచ్చు వేయరాదు. కుటుంబ న్యాయస్థానాల చట్టంలోనూ కక్షిదారు కోరితే రహస్య విచారణ ఉంది. అంటే విడాకుల తగాదాలో గుట్టు అవసరమని చట్టం ఎప్పుడో ఒప్పుకొన్నది. దానికి ఆవలనే చిక్కంతా.

చిక్కు ఎంతటిదో తెలుగువారికి తెలియాలంటే దూరం పోనక్కర లేదు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన తీర్పు దేశంలో ప్రతి న్యాయ కళాశాలలో పాఠం. దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరుతూ భర్త కడప సబ్ కోర్టులో వేసిన కేసులో, భార్యను బలవంతంగా కాపురానికి పంపడం ఆమె ఏకాంతానికి, గౌరవానికి భంగమని ఆయన అన్నారు. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చినా, గోప్యత హక్కు చర్చలో ఆ తీర్పు ప్రస్తావన లేకుండా జరగదు. ఆ తీర్పు పేరేమిటి? టి. సరిత వర్సెస్ టి. వెంకట సుబ్బయ్య. ఒక స్త్రీ ఏకాంతాన్ని కాపాడబోయిన తీర్పు ఆమె పేరునే శాశ్వతంగా శీర్షికకు ఎక్కించింది. ఆమె సినీనటి కనుక లోకానికి ముందే తెలిసిన వ్యక్తి అని సరిపెట్టుకోవచ్చు. తెలియని వ్యక్తి అయి ఉంటే?

ఇంకా వెనక్కి పోతే, 1885లో బొంబాయిలో రుఖ్మాబాయి బాల్య వివాహాల గురించి టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు లేఖలు రాసింది. సంతకం, ఒక హిందూ స్త్రీ అని మాత్రమే. అదే కాలంలో భర్త వేసిన కేసులో కోర్టు కాగితాలపై ఆమె పేరు దేశమంతటికీ తెలిసింది. పత్రిక ఇచ్చిన ముసుగును కోర్టు ఇవ్వలేకపోయింది.

పేరు బయటపడిన కక్షిదారుకు తరువాత ఏమవుతుందన్నది ఊహాజనితం కాదు. మనోవర్తి కోసం పోరాడి 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో గెలిచిన ఇండోర్ వృద్ధురాలు షా బానో, ఆ ఏడాది ముగియక ముందే ఆ తీర్పును తాను వద్దంటున్నట్లు బహిరంగ లేఖ ఇవ్వవలసి వచ్చింది. చుట్టూ ఉన్న ఒత్తిడిని తట్టుకోలేకనే అన్నది లోక విదితం. మెటియాబ్రుజ్‌కు నది ఆవలి గట్టున ఉన్న హౌరాలో, ముమ్మారు తలాక్ కేసులోని పిటిషనర్లలో ఒకరైన ఇష్రత్ జహాన్, 2017 ఆగస్టులో తీర్పు తనకు అనుకూలంగా వచ్చిన తరువాత ఇరుగుపొరుగుల దూషణలు భరించవలసి వస్తున్నదని పత్రికలవారికి చెప్పుకున్నారు. ఇద్దరూ గెలిచినవారే.

కోర్టులు ఈ సంగతి గుర్తించలేదని కాదు. 1997లో బొంబాయి హైకోర్టు ముందుకు ఒక రోజుకూలీ వచ్చాడు. హెచ్ఐవీ ఉన్నదన్న కారణంతో ప్రభుత్వ రంగ సంస్థ ఒకటి అతనికి పని నిరాకరించింది. అతని పేరు ఎంఎక్స్ అని, సంస్థ పేరు జెడ్‌వై అని మాత్రమే రాసి కోర్టు విచారణ జరిపింది. అతను గెలిచాడు. పేరు చెప్పవలసిందేనని పట్టుబట్టి ఉంటే అతను వచ్చి ఉండేవాడా అన్నది సందేహాస్పదం. మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్ కేసు వచ్చింది. ఈశాన్య రాష్ట్రానికి చెందిన ఒక వైద్యుని హెచ్ఐవీ పరీక్ష ఫలితాన్ని ఆస్పత్రి బయటపెట్టిందని, దానితో పెళ్ళి ఆగిపోయి సమాజంలో వెలివేతకు గురి అయ్యానని ఆయన పరిహారం కోరారు. ఓడిపోయారు. కాబోయే భార్య ప్రాణరక్షణ హక్కు ముఖ్యమన్నది కోర్టు. అటువంటి వ్యక్తికి వివాహ హక్కే నిలిచిపోతుందన్నట్లు చేసిన వ్యాఖ్యలను 2002లో మరో ధర్మాసనం పక్కన పెట్టింది. ఇక్కడ చెప్పవలసిన విచారకరమైన అంశం మరొకటి ఉంది. శీర్షికలో ఎక్స్ అని ఉన్న ఆ తీర్పు కొన్ని న్యాయ నివేదికలలో ఆయన అసలు పేరుతోనే అచ్చయింది. గుట్టు బయటపడిందని దావా వేసిన మనిషి గుట్టును తీర్పు ప్రతులే మళ్ళీ బయటపెట్టాయి.

హెచ్ఐవీ విషయంలో పార్లమెంటు 2017లో స్పష్టమైన చట్టం చేసింది. 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన ఆ చట్టం 34వ సెక్షన్ ప్రకారం కక్షిదారు కోరితే కోర్టు మారుపేరుతో విచారణ జరపవచ్చు. ఒక వ్యాధి విషయంలో కుదిరినది ఇతర విషయాలలో కుదరదని చెప్పడానికి కారణం కనబడదు. అయినా ప్రతి కష్టానికీ ఒక చట్టం వచ్చే వరకు ఆగడం అయ్యే పని కాదు.

మిగిలిన చోట అంతా న్యాయమూర్తి దయ. 2015లో పెళ్ళికాని ఒక తల్లి, తండ్రి పేరు చెప్పకుండానే తన బిడ్డకు సంరక్షకురాలిగా గుర్తించాలని కోరగా, సుప్రీంకోర్టు ఆమెను ఎబిసి అని పిలిచి, ఆమె కోరిక మన్నించింది. 2021లో ఒక బెంగాలీ నటి, ఇంటర్నెట్‌లో తిరుగుతున్న తన వీడియోలను తొలగించాలని ఢిల్లీ హైకోర్టులో దావా వేశారు. ఎక్స్ అన్న ఒక్క అక్షరమే ఆమె పేరు. సంతోషమే. కాని ఈ జాబితాను ఒకసారి పరిశీలిస్తే తేలేది ఏమిటి? సుప్రీంకోర్టు, బొంబాయి, ఢిల్లీ. పెద్ద కోర్టులు, పెద్ద న్యాయవాదులు. అలీపూర్ మునసబు ముందు గాని, మన నరసరావుపేట జూనియర్ సివిల్ జడ్జి ముందు గాని, ఎక్స్ అనే వాది దావా పత్రం దాఖలు చేయబోతే గుమస్తా దానిని అక్కడికక్కడే తిప్పి పంపుతాడు. నిబంధన ప్రకారం అతనిది తప్పు కాదు. గోప్యత హక్కు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న ప్రకటించింది గాని, ఆ హక్కు దావా పత్రంలోని మొదటి గడి వరకు ఇంకా చేరలేదు.

మరొక విడ్డూరం ఉంది. ప్రతివాది ఎవరో తెలియకపోయినా దావా వేయడానికి మన కోర్టులు అనుమతిస్తున్నాయి. 2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీల సమయంలో, అనుమతి లేకుండా ప్రసారం చేసే కేబుల్ ఆపరేటర్లపై ఒక టెలివిజన్ సంస్థకు ఢిల్లీ హైకోర్టు అటువంటి ఉత్తర్వు ఇచ్చింది. అప్పటి నుంచి సినిమా విడుదలకు ముందు అజ్ఞాత ప్రతివాదులపై ఉత్తర్వులు తెచ్చుకోవడం నిర్మాతలకు మామూలైపోయింది. ఆ అజ్ఞాత ప్రతివాదికి మన కోర్టులు పెట్టిన ముద్దుపేరు అశోక్ కుమార్. కోట్ల సొమ్ము ఉన్న కంపెనీ అశోక్ కుమార్‌పై దావా వేయవచ్చు. అశోక్ కుమార్ మాత్రం దావా వేయలేడు.

కాలం మారిన సంగతి కూడా గమనించాలి. 1966 నాటి సాక్షికి పత్రికల భయం మాత్రమే ఉండేది. మర్నాటికి పత్రిక పాతబడేది. నేడు ఈ-కోర్టుల వెబ్‌సైటులో కక్షిదారు పేరు కొట్టి వెతికితే పెండింగు కేసు కనబడుతుంది. పని ఇచ్చేవాడు, ఇల్లు అద్దెకిచ్చేవాడు, సంబంధం చూసేవాడు, అప్పు ఇచ్చేవాడు ఎవరైనా వెతకవచ్చు. ఆ వెతికేవానికి దావాలో న్యాయం ఎవరి వైపు ఉన్నదన్నది అనవసరం. ఈమె కోర్టుకు వెళ్ళే మనిషి అన్నది చాలు. కేరళ హైకోర్టు 2022 డిసెంబరులో ఈ విషయాన్ని పరిశీలించి, కుటుంబ, వివాహ వివాదాలలో కక్షిదారులు కోరితే పేర్లను వెబ్‌సైటులో ఉంచరాదని చెప్పింది. మిగిలిన కేసులకు బహిరంగ విచారణ సూత్రమే వర్తిస్తుందన్నది.

ఎదుటి పక్షం వాదనలో బలం లేదనడం న్యాయం కాదు. ఆ బలం ఎంతో తెలియడానికి అమెరికాలోని ప్రవాస భారతీయుల మధ్య నడిచిన ఒక కేసు చాలు. కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి 2020 జూన్ 30న సిస్కో కంపెనీపై కేసు వేసింది. ఆ కంపెనీలోని దళిత ఇంజనీరు ఒకరిని, పై స్థానాలలోని భారతీయులు కులం కారణంగా వివక్షకు గురి చేశారన్నది ఆరోపణ. రిజర్వేషన్ ద్వారా ఐఐటీలో సీటు పొందిన సంగతిని ఒక అధికారి తోటి ఉద్యోగులకు చెప్పాడన్నది అందులో ఒక భాగం. ఫిర్యాదులో ఆ ఇంజనీరు పేరు జాన్ డో. రాముడు, భీముడు అన్నట్లు అక్కడివారు అజ్ఞాత వ్యక్తికి పెట్టే పేరు అది. కేసు తరువాత రాష్ట్ర కోర్టుకు మారింది. అసలు పేరు చెప్పాలా వద్దా అన్న తగాదా వచ్చినప్పుడు శాంటా క్లారా కౌంటీ కోర్టు మారుపేరుకు అనుమతి నిరాకరించింది. భారతదేశంలోని అతని బంధువులకు కలగగల హానిని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టి, ఆ హానిని కూడా తూచి చూడాలని ఆదేశించింది. సముద్రాల ఆవలి కోర్టుకు, ఇక్కడి ఊరిలో ఒక ఇంటిపేరు బయటపడితే ఏమవుతుందో తెలుసుకోవలసిన అవసరం కలిగింది. తెలుగు ఇంజనీర్లు వేల సంఖ్యలో ఉన్న లోయలో జరిగిన కథ కనుక ఇది మనకు పరాయిది కాదు.

ఇంతవరకు వాది వైపు. ఇక రెండవ వైపు. ఆ కేసులో ఆరోపణకు గురైన ఇద్దరు ఇంజనీర్ల పేర్లు మొదటి రోజు నుంచే ప్రపంచ పత్రికలన్నిటిలో వచ్చాయి. ఫిర్యాది పేరు రాలేదు. 2023 ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వ శాఖే ఆ ఇద్దరిపై కేసు ఉపసంహరించుకొని, కంపెనీపై మాత్రమే కొనసాగించింది. దాదాపు మూడేళ్ళు ఆ ఇద్దరూ మోసిన అపకీర్తిని ఎవరు వాపసు తీసుకోగలరు? ఆరోపించేవాడు తెర వెనుక, ఆరోపణకు గురైనవాడు వెలుగులో అన్నది సహజ న్యాయానికి నప్పే అమరిక కాదు. ఇందుకే ఆ ఇద్దరి పేర్లు ఇక్కడ రాయడం లేదు.

అయితే ఈ అన్యాయానికి విరుగుడు వాది ముసుగు తీయడం కాదు, ప్రతివాదికి కూడా అదే ఇవ్వడం. ప్రతివాది వ్యక్తి అయినప్పుడు, తప్పు తేలే వరకు అతని పేరు కూడా అక్షరంగానే ఉండవచ్చు. కంపెనీకి, ప్రభుత్వ సంస్థకు ఆ సౌకర్యం అక్కర లేదు. ఏ సంస్థలో ఏమి జరుగుతున్నదో తెలుసుకునే హక్కు ప్రజలకు ఉంది.

ముసుగు ఎవరి నుంచి అన్నది కూడా స్పష్టం చేసుకోవాలి. ఈ చర్చలో గందరగోళం చాలావరకు అక్కడే పుడుతున్నది. ప్రతివాదికి వాది ఎవరో తెలియాలి. తెలియకపోతే జవాబు చెప్పుకోలేడు, సాక్షిని ప్రశ్నించలేడు. న్యాయమూర్తికీ తెలియాలి. లేకపోతే అదే వాది అదే తగాదాతో మరో కోర్టుకు వెళ్ళవచ్చు. అబద్ధపు ప్రమాణానికి శిక్షించడానికి మనిషి దొరకడు. ప్రభుత్వం కోర్టుకు సీల్డు కవరులో ఆధారాలు ఇచ్చి ఎదుటి పక్షానికి చూపకపోవడాన్ని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో మీడియావన్ కేసులో తప్పు పట్టింది. సరిగ్గానే పట్టింది. ఇక్కడ సంగతి వేరు. సీల్డు కవరులో ఉండేది ఆధారం కాదు, ఒక పేరు. అదీ ఎదుటి పక్షానికి తెలిసిన పేరు. తెలియనిది బజారుకు మాత్రమే. మెటియాబ్రుజ్‌లో ఓస్తాగర్‌కు ఆమె ఎవరో తెలుసు. ఆమెకు కావలసింది పక్క సందులోని పది మంది ఓస్తాగర్లకు తెలియకుండా ఉండడం. ఆయనే వెళ్ళి చెబితే? కోర్టు ఉత్తర్వు ఉంటే అది ధిక్కారమవుతుంది. ఉత్తర్వు లేకపోతే అది కబురు మాత్రమే.

పేరు దాచడం వేరు, విషయం దాచడం వేరు. ఈ గీత చెరిగితే ప్రమాదం. 2021 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ గౌతమ్ పటేల్, పని స్థలాల్లో లైంగిక వేధింపుల చట్టానికి సంబంధించిన ఒక సివిల్ దావాలో కొన్ని మార్గదర్శకాలు ఇచ్చారు. ఉభయ పక్షాల పేర్లకు బదులు అక్షరాలు వాడాలి. ఉత్తర్వులలో ఈమెయిలు, ఫోను నెంబర్లు, చిరునామాలు ఉండరాదు. ఇంతవరకు శిరోధార్యం. ఆ కేసు పేరే పి వర్సెస్ ఎ. కాని ఆయన అంతటితో ఆగలేదు. ఉత్తర్వులను వెబ్‌సైటులో పెట్టరాదు, కోర్టు అనుమతి లేకుండా తీర్పు వివరాలు ప్రచురించరాదు అన్నారు. ఇది మితిమీరిన జాగ్రత్త. తీర్పే కనబడకపోతే మరో స్త్రీకి తన హక్కు ఏమిటో తెలిసేదెలా? న్యాయమూర్తి సరిగ్గా తీర్పు ఇచ్చారో లేదో చూసేదెవరు? పేరుకు బదులు ఒక అక్షరం రాసి మిగిలినదంతా బహిరంగంగా ఉంచితే ఎవరికీ నష్టం లేదు.

క్రిమినల్ చట్టం ఈ విషయంలో ముందుంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం 1983 నుంచి నేరం. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్. కాని అది అత్యాచార నేరాలకే పరిమితం. ఆమె అదే బాధకు పరిహారం కోరి సివిల్ కోర్టుకు వెళ్తే దావా పత్రం మళ్ళీ పేరు అడుగుతుంది. పోలీసులను కాదని మర్యాదగా సివిల్ తోవ పట్టిన మనిషికి రక్షణ తక్కువ కావడం విచిత్రమే.

అందరికీ ఈ సౌకర్యం ఇవ్వమని ఎవరూ అనడం లేదు. పొలం గట్టు తగాదాకు, చెక్కు బాకీకి, పరువు నష్టం దావా వేసే నాయకునికి మారుపేరు అవసరం లేదు. పరువు పోయిందని దావా వేసేవాడు పేరు చెప్పకపోతే పోయిన పరువు ఎవరిదో తెలియదు. ఆరోగ్యం, లైంగిక వేధింపులు, పిల్లలు, కులం లేదా మతం కారణంగా వెలి ప్రమాదం ఉన్న కేసులు, యజమానిపై అసంఘటిత కార్మికుల కేసులు. ఈ కొద్దింటిలో వాది ప్రమాణ పత్రంతో కోరాలి, ప్రతివాది అభ్యంతరం వినాలి, న్యాయమూర్తి కారణాలు రాయాలి. కారణం రాయని ఉత్తర్వుకు అప్పీలులో బలం ఉండదు కనుక ఇది దుర్వినియోగానికి కొంత అడ్డు. చివరి వర్గంపై, అంటే కార్మికుల విషయంలో, న్యాయవాద మిత్రులు కొందరు తల అడ్డంగా ఊపారు. యూనియన్ వేయవచ్చు గదా అన్నారు. యూనియన్ ఉన్నచోట వేయవచ్చు. ఇంట్లో కూర్చొని గుండీలు కుట్టేవారికి యూనియన్ ఎక్కడిది?

ఇందుకు పార్లమెంటు కదలనక్కర లేదన్నది చాలామందికి తెలియని విషయం. ఏడవ ఆర్డరు సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలులోని నిబంధనలను మార్చే అధికారం 122వ సెక్షన్ కింద హైకోర్టులకే ఉంది. నిబంధనల కమిటీ నివేదిక ఇవ్వాలి, రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ఆమోదించాలి, గెజిట్‌లో అచ్చు కావాలి. అంతే. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినా పాత పేరునే నిలుపుకొన్న కలకత్తా హైకోర్టు అయినా, అమరావతిలోని మన హైకోర్టు అయినా, హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టు అయినా మొదటి నిబంధన కింద నాలుగు పంక్తుల మినహాయింపు చేర్చవచ్చు. మారుపేరుతో వచ్చిన దావా పత్రాన్ని గుమస్తా తిప్పి పంపకుండా న్యాయమూర్తి ముందు పెట్టాలని, అసలు పేరు ఉన్న కవరు రికార్డు గదిలో విడిగా ఉండాలని, ఈ-కోర్టుల జాబితాలో అక్షరమే కనబడాలని ఆ నాలుగు పంక్తులు చెబితే సరిపోతుంది. వాటిలో మూడవది కంప్యూటర్ విభాగానికి ఒక రోజు పని.